వోల్టేజీ తగ్గించిన సుజాత గారు

మార్టూరులో గ్రానైట్ ఫ్లోరింగు డిజైన్లు కంప్యూటర్లో గీయడం నా పని. పోయినవారం ఏదో వీడియో చూసి, మెమరీ వేగం పెంచి, దానికి సరిపోవాలని మదర్‌బోర్డు సెట్టింగుల్లో వోల్టేజీలు నేనే పెంచేశాను. అప్పట్నుంచీ స్క్రీను నీలంగా మారి ఆగిపోవడమే. ఈ పొద్దున ఒక కల్యాణమండపం నేల డిజైను, రెండు రోజుల పని, అలాగే పోయింది. ఇక లాభం లేదని కంప్యూటరు తీసుకుని ఒంగోల్లో సుజాత గారి రిపేరు షాపుకి వెళ్లాను.

"సెట్టింగులేమైనా మార్చారా అండి?" అని అడిగారు.

"అబ్బే, ఏమీ ముట్టుకోలేదండి."

ఆవిడ సెట్టింగులు తెరిచి చూసి, "అయితే వోల్టేజీ దానంతటదే ఇంత పెరిగిందన్నమాట," అన్నారు, నవ్వకుండా.

తర్వాత కొంచెం కొంచెంగా వోల్టేజీ తగ్గిస్తూ, తగ్గించిన ప్రతిసారీ మెమరీ టెస్టు పెట్టి, అంకెలు నోటుబుక్కులో రాసుకున్నారు. మూడుసార్లు ఎర్రర్లే వచ్చాయి. పక్కన ఆవిడ క్యారేజీలో అన్నం చల్లారిపోయింది. నాకే విసుగొచ్చి, "వేగం మామూలుకి దించేయండి, గొడవ వదిలిపోద్ది," అన్నాను.

"దించితే ఐదు నిమిషాల్లో నడిచిద్దండి. కానీ ఆ వేగం కోసమే కదా ఈ మెమరీ కొన్నారు? అది మీకు రావాలిగా!"

నాలుగోసారి, అదే వేగంతో, టెస్టు ఒక్క తప్పూ లేకుండా పూర్తయింది. అప్పుడు క్యారేజీ విప్పారు ఆవిడ.

ఇంటికొచ్చి మండపం మళ్లీ మొదలుపెట్టాను. రెండు గంటలుగా ఒక్కసారీ ఆగలేదు. సులువుగా తేల్చేసే దారి చూపించినా వద్దన్న మనిషిని చాలా రోజులకి చూశాను. మీ ఊళ్లోనూ ఇలాంటివాళ్లుంటే చెప్పండి, వినాలనుంది.