రుఖియా పట్టిన సన్న సెగ

పదకొండుసార్లు మాడి, ముద్దకట్టి, పారబోతకు పోయిన సరుకు పన్నెండోసారి రుఖియా చేతిలో కుదిరింది. చీకటిగదిలో ఊదారంగు దీపం కింద పచ్చగా మెరుస్తున్న సీసాలో ఆమె ఆ నల్లటి నీళ్లు రెండు చుక్కలు వేసింది. మెరుపు ఆరిపోయింది. అది ఆరిపోవడమే గెలుపు. తరువాత బూజుపట్టిన వేరుశనగ రసం ఒక చుక్క వేస్తే సీసా మళ్లీ పచ్చగా వెలిగింది. 2025 మార్చిలో, కడప ప్రయోగశాలలో, మన మైదుకూరులో శనగలు, వేరుశనగలు వేయించే భట్టీ మీరా హుస్సేన్ కూతురు సాధించిన మొదటి విజయం అది.

రుఖియా పదో తరగతిలో మండలానికి మొదటిది. రసాయనశాస్త్రం ఎమ్మెస్సీలో బంగారు పతకం. ఆ పతకం తీసుకున్న రోజు కూడా సాయంత్రానికి ఇల్లు చేరి, భట్టీ దగ్గర తండ్రికి శనగలు జల్లించి ఇచ్చింది. ఓటమి రుచి తెలియని పిల్ల పదకొండుసార్లు ఓడి కూడా నిలబడింది గనకే ఇవన్నీ చెప్పవలసి వస్తున్నది.

ఆమె పని చేసేది గ్రాఫీన్ ఆక్సైడ్ మీద. పెన్సిలు ములుకులో ఉండే గ్రాఫైటునే పొరలుగా విడదీసి, ఆమ్లజని ఎక్కిస్తే వచ్చే పదార్థం అది. మెరిసే రంగు అద్దిన సన్నని డీఎన్‌ఏ పోగు ఆ పొరకు అతుక్కుంటే మెరుపు చస్తుంది. వేరుశనగ కాయలో బూజు విషం ఉంటే పోగు పొరను వదిలి విషాన్ని పట్టుకుంటుంది, మళ్లీ మెరుస్తుంది. పచ్చి పొర పోగును గట్టిగా పట్టదు. ఎక్కువ కాచిన పొర నీళ్లలో ముద్దకడుతుంది. అందరూ పెద్ద మంట మీద గంటలో తేల్చాలని చూసినవాళ్లే. రుఖియాకు మాత్రం భట్టీ దగ్గర విన్న మాట గుర్తుంది: మంట పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఎనభై డిగ్రీల సన్న సెగ మీద ఐదు రోజులు ఉంచింది. పలుచని టీ నీళ్లలా ఉన్నది నిదానంగా నల్లబడింది.

ఆ గెలుపు చూసి, పరిశోధన నడిపించే శ్రీనివాసులు సారు ఒక మాటన్నాడు. బెంగళూరులో మూడు నెలలు ఉండి ఈ సీసాల పనిని రైతు చేతిలో పట్టే డబ్బాగా మలిచే అవకాశం ఒక్కరికే ఉంది. పది సీసాల వేరుశనగ రసం అంకెలు మాత్రమే వేసి ఇస్తాడు. విషమున్నవి ఏవో ఆమె చెప్పాలి.

పరీక్షకు పెద్ద పాత్రనిండా కాచింది. దించాక కప్పడానికి సరిపోయే మూత దొరకలేదు. సెగమీద నుంచి దించినదాన్ని తెరిచి వదలడం వాళ్ల ఇంటా వంటా లేదు. భట్టీలో గోనెపట్టా కప్పుతారు. గోనె మురికి గదా అని, రెండుసార్లు సబ్బుపొడితో ఉతికిన తెల్లగుడ్డ కప్పింది.

జూలై చివరి శుక్రవారం పరీక్ష జరిగింది. పదికి పది సీసాలూ వెలిగాయి.

"ఏమ్మా, మన జిల్లాలో మంచి కాయే లేదంటావా?" అన్నాడు సారు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నవ్వు ఆగాక, పదిరోజుల గడువిచ్చి, మళ్లీ తప్పితే పేరు కొట్టేస్తానన్నాడు.

ఆ రాత్రికే మైదుకూరు చేరింది. పొద్దున భట్టీ దగ్గర కూర్చుని తండ్రికి అంతా చెప్పింది. ఆయనది మూడో తరగతి చదువు. అయినా ఒక్కొక్క మెట్టూ చెప్పించుకున్నాడు. గుడ్డ దగ్గర ఆపాడు.

"ఉతికిన గుడ్డంటే సబ్బు పట్టిన గుడ్డే గదా పాపా. మా యమ్మ, మీ జేజి, ఒగసారి ఉతికిన దుప్పటి గప్పితే బుట్టెడు పుట్నాలు సబ్బు వాసన కొట్టినాయి, మర్సిపోయినావా?"

"ఈడ వాసన గాదు నాయనా, వెలుగు."

"వాసన అంటుకున్నప్పుడు వెలుగు మాత్రం అంటుకోదా? పోయి సూడు."

సోమవారం పొద్దున్నే ఆ గుడ్డను ఊదా దీపం కింద పరిచింది. గుడ్డంతా నీలంగా భగ్గుమంది. తెల్లదనం కోసం సబ్బుపొడిలో కలిపే మెరుగుమందు అది. దాని నూగు రాలి పాత్రలో పడింది, ప్రతి సీసాలోనూ అదే వెలిగింది; ఆ రోజు వెలుగు చూశారే గానీ రంగు తేడా ఎవరూ గమనించలేదు. తప్పు పొరది కాదు, కాయదీ కాదు. ఆమె శుభ్రానిది.

ఆ పాత్ర పారబోసింది. మిగిలింది వారమే గనక నూట యాభై డిగ్రీలు పెట్టి ఒక్కరోజులో కానిచ్చెయ్యమని తోటివాళ్లు చెప్పారు. "మాడిన సరుకు ఎవురికి పెడతారు?" అని మళ్లీ ఎనభై దగ్గరే పెట్టింది. ఐదు రోజులు. శనివారం దించి, ఈసారి కొలతకు కోయించుకున్న గాజుపలక మూత వేసింది.

మరుసటి సోమవారం రెండు, ఐదు, ఆరు, తొమ్మిది వెలిగాయి. మిగతా ఆరూ చీకటిగా ఉండిపోయాయి. సారు జేబులోని కాగితం తీసి ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"బెంగళూరుకు ఎప్పుడు బయలుదేరతావు?" అని మాత్రమే అడిగాడు.

ఆగస్టు పద్నాలుగున బస్సెక్కింది. సంచిలో సేరు పుట్నాలు, గాజుపలక. కొత్తకాయ భట్టీకి వచ్చినా తన డబ్బా చూసేదాకా ఒక్క గింజ వేయించవద్దని తండ్రికి మరీ మరీ చెప్పి పోయింది. ఆయన మొదటి మూటకు ఇప్పుడే చోటు ఖాళీ చేసి ఉంచాడు. రుఖియా వచ్చేది నవంబరు పద్నాలుగు, శుక్రవారం.