ఓటు పార్టీది, బాధ ఎంపీ గారిది

మా జిల్లా ఎంపీ గారు ఈ సాయంత్రం అశోక్ నగర్ వచ్చి, ఇక్కడ పరీక్షలకు చదువుకుంటున్న మాతో మాట్లాడారు. కోచింగ్ ఫీజుల మీద పన్ను పెంచిన బిల్లును చాలాసేపు తిట్టారు. విద్యార్థుల కడుపు కొట్టారని కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు నా రూమ్మేట్ లేచింది. "సార్, పార్లమెంటుల ఆ బిల్లుకు మీరు కూడా ఓటేసిన్రు కదా?"

ఆయన ఏమాత్రం తడబడలేదు. "ఓటు పార్టీది తల్లీ, బాధ మాత్రం నాది."

"గట్లయితే వచ్చే ఎలక్షన్ల మా బాధ మీకు చెప్పుకుంటం సార్, ఓటు ఇంకొకరికి వేస్తం."

అందరం పగలబడి నవ్వాం. ఎంపీ గారు కూడా నవ్వి, మైకు సర్దుకుని, మళ్లీ ఆ బిల్లునే తిట్టడం మొదలుపెట్టారు.

మీ ఎంపీలు ఏయే బిల్లులకు బాధపడుతూ ఓటేశారో కామెంట్లలో రాయండి.