కొక్కేలు చాలని డిస్కు

ఆ రోజుల్లో దేవుడు నాకు అన్నీ ఇచ్చాడని రోజూ స్తోత్రం చెప్పుకునేదాన్ని: జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఉద్యోగం, అక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు, ఆలస్యంగానైనా వచ్చే రైలు. చాలదన్నట్టు ఒక అన్నయ్యనూ ఇచ్చాడు. సొంత అన్నయ్య కాదు; ఆదివారం ప్రార్థనలకి మాది ఒకే తెలుగు ఫెలోషిప్, ఆఫీసులో నా టీమ్‌కి ఆయనే పెద్ద. పుట్టింది కాకినాడలోనైనా జర్మన్లకన్నా జర్మన్. సర్వర్లో ఏ చిన్న పని ముగిసినా "అయింది" అని రుజువుగా ఒక ఖాళీ ఫైలు పుట్టాలని ఆయన ఆజ్ఞ. దాని పేరు బెషైనిగుంగ్, అంటే జర్మన్‌లో ధ్రువపత్రం. (బతికున్నామనడానికీ బెషైనిగుంగ్ అడిగే దేశం కనుక, ఆ ముచ్చట నేను అర్థం చేసుకోగలను.)

నా ప్రోబెట్‌సైట్, అదే ప్రొబేషన్, చివరి వారాల్లో ఆ లినక్స్ సర్వర్ మొండికేసింది. ఏది రాయబోయినా "డిస్కులో చోటు లేదు" అంటుంది. ఎంత చోటుందో చెప్పే డీఎఫ్ మైనస్ హెచ్ కమాండు కొట్టి చూస్తే సగం ఖాళీ!

"సగం ఖాళీ పెట్టుకుని చోటు లేదంటావేంటమ్మా? ఇంట్లో చదువుకున్నోళ్లకి సగమంటే ఎంతో చెప్పరా?" అన్నాడు అన్నయ్య, ఎంతో ప్రేమగా. "సోమవారానికి తేల్చు. లేకపోతే నిన్ను పర్మనెంట్ చేయమని నేనెలా రాసేది?"

(నిజమే, నాకు వంటింటి బల్ల దగ్గర అమ్మే చదువు చెప్పింది. సగం వరకూ చెప్పినట్టే గుర్తు.) ప్రార్థన చేసుకుని, పెద్ద పెద్ద పాత ఫైళ్లు వెతికి తుడిచాను. సర్వర్ కాసేపు నడిచి మళ్లీ అదే పాట. డిస్కు మరింత ఖాళీ అయింది; చోటు మాత్రం లేదు.

ఆ ఆదివారం ఫెలోషిప్‌కి వెళ్తే హాల్లో కుర్చీలు బోలెడు ఖాళీ. జనం మాత్రం కోట్లు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. అక్కడ గోడకి కోట్లు తగిలించే కొక్కేలన్నీ నిండిపోయాయి. అన్నయ్య తన పిల్లల టోపీలు, చేతి తొడుగులు, కొక్కేనికొకటి చొప్పున వరసగా తగిలించేశాడు మరి.

"ఏవండీ, బొటనవేలంత తొడుక్కి కొక్కెమా? నా కోటు నెత్తిన వేసుకోమంటారా?" అంది ఒక అక్క.

"దేని చోటు దానికుండాలండీ. ఆర్డ్‌నుంగ్, క్రమశిక్షణ!"

పాట మధ్యలో నాకు ఒక్కసారిగా వెలిగింది.

సోమవారం, చోటు కాకుండా ఫైళ్ల సంఖ్య లెక్క చెప్పే డీఎఫ్ మైనస్ ఐ కొట్టాను. ఐనోడ్లు నూటికి నూరు వంతులూ అయిపోయాయి. ఫైలు ఎంత చిన్నదైనా, ఉత్త ఖాళీదైనా, ఐనోడ్ అనే కొక్కెం ఒకటి పట్టుకుంటుంది. ఆ కొక్కేలు ఎన్నో డిస్కు సిద్ధం చేసిన రోజే ఖాయం. వాటికి వేలాడుతున్నవన్నీ దాదాపు అన్నయ్య బెషైనిగుంగ్‌లే. అన్నింటినీ వేరే డిస్కులో ఒక్క ఫైలుగా మూట కట్టి, ఇక్కడ తుడిచేశాను. సర్వర్ లేచి కూర్చుంది.

అన్నయ్య వచ్చి స్క్రీన్ మీది లెక్క వేలు పెట్టి చదివాడు. "ఖాళీ ఫైళ్లే కదమ్మా..."

"అవునన్నయ్యా. చిన్న తొడుగులే కదా."

అన్నయ్య కుర్చీ వెనక్కి జరిపాడు. "సరే సరే. పని అయిందని ఒక బెషైనిగుంగ్ పెట్టు."

పెట్టాను, స్తోత్రం చెప్పుకుని మరీ. ఉద్యోగం నిలిచింది.

ఇప్పటికీ చలికాలంలో ఎక్కడికెళ్లినా తొడుగుల్ని కోటు జేబులో కుక్కి, ఒకే కొక్కేనికి తగిలిస్తాను. పక్కన ఖాళీ కొక్కెం కనబడితే, సగం ఖాళీ డిస్కు ముందు కళ్లు మూసుకుని ప్రార్థించిన ఆ పిల్ల గుర్తొస్తుంది. పాపం, దేవుడు జవాబు చెబుతూనే ఉన్నాడు. ఆ పిల్లే తప్పు కమాండు కొడుతూ కూర్చుంది.