బావ తన పేరు తీయించిన మధ్యాహ్నం

మా బావ పోయాడు. పోయిన నెల ఓ మంగళవారం పొద్దున్న నేను ల్యాబులో ఆల్బం పేజీల అంచులు కత్తిరిస్తుంటే అక్కయ్య ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ ఇక లేరు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. మిషన్ ఆపేసి కుర్చీలో కూలబడ్డాను. ఎదురుగా కంప్యూటర్ తెర మీద నాగాయలంక నుంచి ఎవరిదో పెళ్ళి ఆల్బం వచ్చి పడుతోంది. పేజీ వెనక పేజీ, అసలేమీ జరగనట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గులేదూ నీకు? నిన్ను నిలబెట్టిన మనిషి పోతే ఒక్క నిమిషం ఆగవా?" అని దాని మీద గట్టిగా అరిచాను. పనివాళ్ళు బిత్తరపోయి చూశారు. ఆ పొద్దున అది ఆగకుండా ఉండాలనే మా బావ కోరుకున్నాడు. ఎందుకు కోరుకున్నాడో మీకు చెబుదామనే రాస్తున్నాను.

బావ అంటే చుట్టరికం కాదు. మాది మంగినపూడి దగ్గర, చేపల వేట మీద బతికిన ఇల్లు. మా నాన్న వల పట్టాడు, నేను కెమెరా పట్టాను. తర్వాత బందరులో పెళ్ళి ఆల్బంలు అచ్చువేసే కలర్ ల్యాబు పెట్టుకున్నాను. బావ వాళ్ళది తాతల కాలం నుంచీ బందరులోనే పంతుళ్ళు, గుమాస్తాల ఇల్లు. ఆయన ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడు. మా ఇద్దరికీ ఎక్కడా పొత్తు లేదు. మమ్మల్ని కలిపింది ఒక పెళ్ళిబుట్ట.

అప్పట్లో దివిసీమ స్టూడియోల వాళ్ళు పేజీలన్నీ పెన్‌డ్రైవులో ఎక్కించి బస్సులో పంపేవారు. ప్రతివాడి ఫోల్డర్‌కీ ఒకటే పేరు, 'ఫైనల్'. మరీ ముదిరితే 'ఫైనల్ ఫైనల్'. ఒకరోజు ఓ సన్నపాటి మనిషి చంకలో ఆల్బంతో వచ్చి, కౌంటర్ మీద పెట్టి, మధ్యలో ఒక పేజీ తెరిచి వేలు ఆనించాడు.

"ఏవండీ, మా మేనకోడల్ని బుట్టలో మోసుకొచ్చింది నేనండీ. ఇక్కడ మోస్తున్న ఈ మీసాలాయన ఎవరండీ?"

చూశాను. మీసాలాయనే కాదు, బుట్టలో పిల్ల కూడా వేరే. సగం పేజీలు ఇంకెవరి పెళ్ళివో. తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఎక్కువొస్తుంది, అది నా గుణం. "స్టూడియోవాడు పంపింది వేశానండీ, నన్నంటారేంటి?" అని లేచాను.

ఆయన నవ్వాడు. "కోపం నాకు రావాలి కదండీ, మీకొస్తోందేంటి? మా ఇంటి పెళ్ళిలోకి కొత్త చుట్టాన్ని తెచ్చిపెట్టారు. ఇక మీరూ చుట్టమే. ఏం బావగారూ?"

ఆ పూటనుంచి మేం బావలం. ఇంట్లో వాళ్ళకీ అదే అలవాటైపోయింది. ఆయన భార్య నాకు అక్కయ్య అయింది, నేను ఆవిడకి తమ్ముణ్ణయ్యాను.

ఆల్బం మళ్ళీ వేసిచ్చాను. బావ మాత్రం వెళ్ళలేదు. పేజీలు ఎలా వస్తాయి, ఎవరు ఎక్కిస్తారు, ఎక్కడ కలిసిపోతాయి అని అన్నీ అడిగాడు. తర్వాత ఆదివారం మూల పడి ఉన్న పాత కంప్యూటర్ దుమ్ము దులిపి, దాన్ని ఫైళ్ళు అందుకునే సర్వర్‌గా మార్చాడు. ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని పేజీలు పంపొచ్చు. ఒక్కో స్టూడియోకి ఒక పేరు, పాస్‌వర్డ్ అనే ఒక తాళం, పేజీలు పడేందుకు ఒక గది. కోడూరువి కోడూరు గదిలోనే పడతాయి, అవనిగడ్డవి అవనిగడ్డ గదిలోనే. ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా నాగాయలంక అనీ, గుడివాడ అనీ బస్సెక్కి, స్టూడియో స్టూడియోకీ వెళ్ళి పక్కన కూర్చుని నేర్పాడు. వాళ్ళంతా ఆయన్ని 'సర్వర్ సార్' అనేవారు. నా ల్యాబులో ఒకరి పెళ్ళి ఇంకొకరి పెళ్ళిలో కలవడం దాంతో ఆగింది.

మనిషి చాలా మెత్తన. ఆ పాత కంప్యూటర్‌ని కూడా అండీ అనేవాడు. పొద్దున్నే వస్తే దాని ముందు నిలబడి "లేవండి సార్, తెల్లారింది" అని మీట నొక్కేవాడు. టీ సాసర్లో పోసి చల్లార్చి, మళ్ళీ గ్లాసులోకి ఒంపుకుని తాగేవాడు. అదేం పని బావా అంటే, "సాసరు చల్లార్చడానికి, గ్లాసు తాగడానికి బావగారూ" అనేవాడు. ఏదైనా సెట్టింగు ముట్టుకునే ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టనిదే చెయ్యి వేసేవాడు కాదు. నేను తొందరపెడితే, "నడుస్తోంది కదా అని చూడటం మానెయ్యకు. నడవని రోజున చూడటానికి నీకు కళ్ళు ఆనవు" అనేవాడు. నేను అరిచేవాణ్ణి, ఆయన నవ్వేవాడు. మా స్నేహం అంతా అంతే.

ఆయనకి పొట్టలో గడ్డ అని తేలింది. విజయవాడ ఆసుపత్రికి తిరగడం మొదలైంది. సన్నపాటి మనిషి ఇంకా సన్నబడ్డాడు. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టుండేది. శ్రావణమాసం, ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి, ల్యాబులో ఊపిరాడని రోజులు. ఒక మధ్యాహ్నం ఆటో దిగి, గోడ పట్టుకుని లోపలికొచ్చాడు.

"ఒక పనుంది బావగారూ. సర్వర్ సెట్టింగుల ఫైలు చోటు మార్చాలి."

"ఉన్న చోట దానికేమొచ్చింది?"

"ఇలా చూడు. మనం వేరే చోటు చెప్పకపోతే, ఈ సర్వర్ తన సెట్టింగులన్నీ ఎవరు పెట్టారో వాళ్ళ లాగిన్ ఫోల్డర్లోనే దాచుకుంటుంది. అప్పుడు నేనూ పట్టించుకోలేదు. పైన ఎవరి పేరుంది?"

బావ పేరుంది. ఆ పేరు కింద ఒక ఫోల్డర్, దాని లోపల ఇంకోటి, ఎక్కడో అడుగున ఒక చిన్న ఫైలు. స్టూడియోల పేర్లు, తాళాలు, ఏ గది ఎవరిది, అన్నీ అందులోనే.

"ఈ పేరు పోతే దీంతోపాటు దివిసీమంతా పోతుంది" అన్నాడు.

"నీ పేరెందుకు పోతుందయ్యా?"

బావ నా వైపు చూశాడు. నాకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే అరికాలి మంట నెత్తికెక్కింది. "బాగా నడుస్తున్నదాన్ని ఈ సీజన్లో కెలుకుతావా? ఒక్క పెళ్ళి పేజీలు పోయినా జనం నన్ను బజారుకీడుస్తారు. నీకు తగ్గాక చూద్దాంలే!"

"తగ్గదుగానీ, కుర్చీ లాక్కో. చేతులు నీవి. నేను టీ తాగుతాను."

ఆ మాట అంత మామూలుగా ఎలా అన్నాడో నాకిప్పటికీ తెలియదు. కుర్చీ లాక్కున్నాను. ముందు ఫైలుకి ఒక కాపీ తీయించి వేరే డ్రైవులో పెట్టించాడు. ఇంకో డ్రైవులో 'ల్యాబు' అని కొత్త ఫోల్డర్ పెట్టించాడు. సర్వర్ ఆయన లాగిన్ మీద కాకుండా నడిచేలా మార్పించాడు. అది లేచేటప్పుడు చదువుకునే లైను తెరిపించి, సెట్టింగులు ఫలానా చోట చూసుకో అని కొత్త చోటు రాయించాడు. "ఇప్పుడు ఆ ఫైలుని..." అని ఆయన ఇంకా అంటూనే ఉన్నాడు, నేను విసురుగా స్టార్ట్ నొక్కేశాను. పచ్చదీపం వెలిగింది. ఎర్ర అక్షరం ఒక్కటి లేదు.

"అయిపోయింది. దీనికింత రాద్ధాంతమా?" అన్నాను.

ఫోన్ మోగింది. నాగాయలంక స్టూడియో. "లోపలికి రానివ్వట్లేదండీ, ఇలాంటి పేరే లేదంటోంది." ఆ ఫోన్ పెట్టేలోపు కోడూరు. దాని వెనక గుడివాడ. పేర్ల పట్టిక తెరిచాను. ఖాళీ. ఒక్క స్టూడియో లేదు.

"ముంచేశావు కదా బావా!"

"నేనెక్కడ ముంచానయ్యా, నా చేతిలో సాసరుంది" అన్నాడు తాపీగా. "నువ్వు చెప్పిన చోటికెళ్ళి చూసుకుంది. అక్కడేమీ లేదు. అది నీలాగా అరవదు. ఖాళీగా కొత్త ఫైలొకటి రాసుకుని, ఇవాళే పుట్టినట్టు మొదలెట్టేస్తుంది. పాతది ఎక్కడికీ పోలేదు, పాత చోటే ఉంది. ముందు సర్వర్ ఆపు. పాత ఫైలు తీసుకెళ్ళి కొత్త చోట పెట్టు. అప్పుడు లేపు."

ఆపాను, పెట్టాను, లేపాను. పేర్లన్నీ వచ్చేశాయి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, గుడివాడ. నేను చెమట తుడుచుకుంటుంటే బావ ఇంకో మాటన్నాడు.

"ఇప్పుడు నా పేరు తీసెయ్."

నేను చెయ్యనన్నాను. ఆయన పట్టు వదల్లేదు. "నేను పోయాక ఎప్పుడో తీసి, ఏదో ఆగిపోయి, నువ్వు అందరి మీదా అరుస్తూ కూర్చోడం నాకిష్టం లేదు. నేనుండగా తీసెయ్. నడుస్తుందో లేదో నేను చూడాలి."

అకౌంట్ మీద నొక్కాను. ఈ మనిషి ఫైళ్ళు ఉంచాలా, తీసెయ్యాలా అని అడిగింది కంప్యూటర్. "ఉంచుదాం బావా" అన్నాను.

"ఉంచితే ఇంకా దాని మీదే ఆధారపడి నడుస్తోందేమో మనకెలా తెలుస్తుంది? తీసెయ్ బావగారూ."

తీసేశాను. బావ పేరు తెర మీంచి పోయింది. కంప్యూటర్ మొత్తం ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు. ఆపి, వేశాను. లేచింది. కాసేపటికి కోడూరు గదిలో మొదటి పేజీ పడింది. తర్వాత ఇంకోటి. బావ చప్పట్లు కొట్టాడు, నిజంగా చప్పట్లు కొట్టాడు.

నేను ఏడ్చాను. దాచుకోలేకపోయాను.

"ఏడుస్తావేంటయ్యా!" అన్నాడు. "తను లేకపోయినా పని ఆగదని కళ్ళారా చూసుకునే అదృష్టం ఎంతమందికుంటుంది? నాకు ఇవాళ కడుపు నిండిపోయింది. ఆ మిగిలిన టీ కూడా పొయ్యి."

ఆ తర్వాత కొన్ని నెలలు ఉన్నాడు. ఒంట్లో బాగున్న రోజు ల్యాబుకొచ్చేవాడు. కీబోర్డు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. "నాకక్కడ లాగిన్ లేదుగా, చుట్టపుచూపుగా వచ్చాను" అని వేళాకోళం చేసేవాడు. మధ్యలో సర్వర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. కాపీ తీసి, సెట్టింగులు మన చోటే చూసుకుంటోందో లేదో సరిచూసి, అంతా నేనే ఎక్కించి ఆయనకి ఫోన్ చేశాను. "నన్ను అడక్కుండానే?" అన్నాడు. గొంతులో ఎంత సంతోషమో! ఆ గొంతు విన్నాక ఆ రోజంతా నేను ఎవరి మీదా అరవలేదు. మా పనివాళ్ళు నాకు జ్వరమేమో అనుకున్నారు.

ఆయన పోయిన వారానికి గుడివాడలో కొత్తగా ల్యాబు పెడుతున్న కుర్రాళ్ళిద్దరు నన్ను రమ్మన్నారు. "అంకుల్, సర్వర్ పెట్టేశాం, ఒకసారి చూసి వెళ్ళండి" అన్నారు. వెళ్ళాను. చూస్తే సర్వర్ వాళ్ళలో ఒకడి పేరు మీదున్న ఫోల్డర్లో అన్నీ దాచుకుని ఉంది. "దీని చోటు మారుద్దాం" అన్నాను. "బానే నడుస్తోంది కదండీ" అన్నాడు ఆ కుర్రాడు. అచ్చం నా మాటే. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. కుర్చీ వాడికిచ్చి, నేను టీ తెప్పించుకున్నాను. బావ ఉంటే బాగుండుననిపించింది. అయినా ఆ పూట దిగులుగా లేదు. ఆయన పని నా చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి వెళ్తుంటే చూస్తున్నాను, అది చాలా బాగుంది.

తిరిగొస్తుంటే అక్కయ్య ఫోన్. "తమ్ముడూ, పెద్దకర్మకి ఫోటో కావాలి. ఇంట్లో ఒక్క మంచి ఫోటో లేదయ్యా. ఆధార్ కార్డు మీదదే ఉంది, అందులో దొంగలా ఉన్నారు."

నాకు తల తీసేసినట్టయింది. లోకంలో అందరి ఫోటోలూ వేస్తాను, నా దగ్గరా ఒక్కటి లేదు. ల్యాబుకొచ్చి స్టూడియోల గ్రూపులో పెట్టాను: సర్వర్ సార్ ఎక్కడైనా, ఏ మూలనైనా పడి ఉంటే పంపండి. పెట్టి, సర్వర్‌లో ఒక కొత్త గది తెరిచాను. పేరేం పెట్టాలి అని ఆలోచించలేదు. ఆయన పేరే పెట్టాను.

మర్నాడు అక్కయ్యని తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టాను. ఫోటోలు అవనిగడ్డ నుంచి మొదలయ్యాయి. బావ నేర్పడానికి వెళ్ళినప్పుడు ఊళ్ళో ఎవరిదైనా పెళ్ళవుతుంటే స్టూడియో వాళ్ళు ఆయన్నీ వెంటబెట్టుకెళ్ళారట. ఎవరి పెళ్ళిలోనో బంతిలో కూర్చుని, నోటినిండా ముద్దతో, తియ్యొద్దని ఎడంచెయ్యి ఊపుతున్నాడు. కోడూరులో పెళ్ళికొడుకు వెనకాల లైటు స్టాండు పట్టుకుని నిలబడ్డాడు. గుడివాడలో ఎవరి పసిపిల్లో ఆయన ఒళ్ళో నిద్రపోతోంది. అక్కయ్య ఒక్కొక్కటీ చూస్తూ, "ఇక్కడెందుకున్నారు ఈయన? ఈ పెళ్ళివాళ్ళెవరు? నాతో ఒక్కటీ చెప్పలేదు చూడు" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. బంతిలో ముద్దతో ఉన్నదే కావాలంది. అదే పెద్దది చేసి, దానికే దండ వేశాం.

ఆ గది ఇంకా మూయలేదు. వాళ్ళూ వెతకడం మానలేదు. నిన్న మధ్యాహ్నం నాగాయలంక నుంచి ఒకటొచ్చింది. మంగినపూడి బీచిలో తీసిన ఫోటో. ముందు కాబోయే జంట చేతులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ వెనక, అలల్లో, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, కెమెరా బ్యాగు తడవకుండా నెత్తిమీద పెట్టుకుని, మా బావ పడీపడీ నవ్వుతున్నాడు.