రెహానా అడిగిన ఆఖరి ఎపిసోడ్

మా చిన్నతనంలో, ఏలూరులో... సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి నేను నా స్నేహితురాలు రెహానా వాళ్ళ నాన్నగారి టీవీ రిపేరు కొట్టులో ఉండేదాన్ని. బల్ల మీద విప్పి పెట్టిన టీవీల్లో ఏదో ఒకటి పనిచేసేది. ఒక వారం అందులో సముద్రం ఊదారంగులో ఉండేది, ఇంకో వారం బొమ్మంతా ఆకుపచ్చే. అయినా మేమిద్దరం కన్నార్పేవాళ్ళం కాదు.

మేం చూసేది జపాన్ కార్టూన్. దాన్ని అనిమే అంటారని అప్పుడు తెలియదు. నీట మునిగిన ఊళ్ళ మధ్య పడవ మీద తిరిగే అక్కాచెల్లెళ్ళ కథ... ఆ పాత మాంగానే, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాన్నే, ఈ సీజన్‌లో మళ్ళీ కొత్తగా తీశారు. వారం నుంచి మన అనిమే గ్రూపులో అదే చర్చ. మాంగాలో చనిపోయే చెల్లెల్ని కొత్త సిరీస్‌లో బతికించారని సగం మంది తిడుతున్నారు, సగం మంది సంబరపడుతున్నారు. నేను రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను. అందుకే విడిగా రాస్తున్నాను.

టీవీలో అది హిందీలో వచ్చేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రెహానా వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి, తను వింటూనే నాకు తెలుగులో చెప్పేది. "ఈ ఊళ్ళో నీళ్ళు తాగొద్దంటోందే అక్క..." అంటూ అక్కకి ఒక గొంతు, చెల్లెలికి ఒక గొంతు పెట్టి మరీ చెప్పేది. మధ్యలో ఆయాసం వస్తే ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకునేది.

తనకి చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె కవాటం పాడైంది. ఇరవై ఒక్క రోజులకోసారి ఇంజెక్షన్ చేయించేవారు. ఏడో తరగతికి వచ్చేసరికి కాళ్ళు వాచేవి, మెట్లెక్కలేకపోయేది. ఎనిమిదిలో బడి మానేసింది.

ఆ ఏడాదే ఛానల్ వాళ్ళు కార్టూన్‌ని మధ్యలో ఆపేశారు... సరిగ్గా చెల్లెలు జబ్బుపడిన చోట. మర్నాడు ఆ టైముకి వేరే ఏదో వేశారు.

"తర్వాతేమైందో కనుక్కోవే సుధా" అని రోజూ అడిగేది.

ఫైర్ స్టేషన్ సెంటర్ దగ్గర మేడ మీద ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. తనకి మెట్లెక్కడం కష్టం కాబట్టి నేనే వెళ్ళాను. ఎక్కడెక్కడి అభిమానులో ఇంగ్లీషులో రాసుకునే ఫోరమ్ ఒకటి దొరికింది. మాంగా చివర్లో చెల్లెలు చనిపోతుందట. అక్క తనని నీళ్ళలో వదిలి, ఒక్కతే పడవ నడుపుకుంటూ వెళ్ళిపోతుందట.

ఆ మెట్లు దిగేలోపే ఏం చెప్పాలో నిర్ణయించేసుకున్నాను.

"చెల్లెలికి నయమైపోయిందే!" అన్నాను. రెహానా చప్పట్లు కొట్టింది. బొమ్మ వేసుకుంటాను, ఒక ప్రింటు తెచ్చిపెట్టమంది. అక్కాచెల్లెళ్ళు కలిసున్న పేజీ వెతికి తెచ్చిచ్చాను. దాని అడుగున ఎవరో రాసిన కామెంటు కూడా అచ్చయింది... నేను చూసుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత వెళితే తన మంచం మీద డిక్షనరీ ఉంది. నేనిచ్చిన ప్రింటులో 'ఫ్యూనరల్' అన్న మాట కింద పెన్సిల్ గీత.

"అంత్యక్రియలు అని ఉంది. ఎవరివే?"

నేను ఆ కాగితం తీసుకోబోతే తను వదల్లేదు.

"నేను నీకెప్పుడైనా తప్పు చెప్పానా? చచ్చిపోయినచోట చచ్చిపోయారనే చెప్పానుగా?"

"నువ్వు బాధపడతావని..."

తను నా వైపు చూడకుండా అంది. "విజయవాడ డాక్టరు గారు ఏమన్నారని అడిగితే అమ్మీ కూడా తగ్గిపోతుందనే చెప్పింది. అచ్చం నీలాగే... నవ్వుతూ."

చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తాను.

వాళ్ళ నాన్నగారు ఆ రోజు చేపల చెరువుల కాపలా షెడ్లలో టీవీలు బాగుచేయడానికి కలిదిండి వెళ్ళారు. ఇంటికి రాగానే రెహానా ఆయన్ని నిలదీసిందట. మర్నాడు పొద్దున్నే ఆయన మా కిరాణా కొట్టుకి వచ్చారు. మా నాన్న కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఆపరేషన్‌కి టైము దాటిపోయిందన్నారండీ. మూడు నెలలుగా దాస్తున్నాం. నిన్న చెప్పేశానండీ... ఇంక నావల్ల కాలేదు."

నేను బియ్యం బస్తాల వెనక్కి తప్పుకున్నాను. ఆయన చూడనే చూశారు.

"నిన్నేమీ అనడానికి రాలేదమ్మా. రమ్మంటోంది. అసలు కథ చెప్పమంటోంది."

మూడు రోజులు వెళ్ళలేదు. పరీక్షలున్నాయని అమ్మకి అబద్ధం చెప్పాను. నాలుగో రోజు అమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

ఫోరమ్‌లో చదివిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. కళ్ళు మూసుకుని వింది.

"తర్వాత అక్క?"

"ఒక్కతే వెళ్ళిపోయింది."

"మాట్లాడ్డానికి ఎవరూ లేరా?"

"లేరు."

"అది మాత్రం బాగాలేదే" అంది. కళ్ళు తెరిచి, "నీ మీద కోపం పోలేదు. రేపు కూడా రా" అంది.

వెళ్ళాను. పంతొమ్మిది రోజులు రోజూ వెళ్ళాను... టీవీ పెట్టమనేది కాదు. భయమేస్తే భయమేస్తోందని చెప్పేది. తగ్గిపోతుందని నేను ఒక్కసారి కూడా అనలేదు. పక్కన కూర్చునేదాన్ని, అంతే.

ఇరవయ్యో రోజు వెళ్ళేసరికి కొట్టు షట్టరు దించి ఉంది. కొట్టు వెనకే ఉన్న వాళ్ళింటి వాకిట్లో జనం ఉన్నారు.

నెల తర్వాత రెహానా వాళ్ళ నాన్నగారు కొట్టు తెరిచారు. సాయంత్రం అటుగా వెళ్ళినప్పుడు చూసేదాన్ని. బల్ల మీద టీవీలు ఉండేవి, ఒక్కటీ వెలిగేది కాదు.

మొన్న కొత్త సిరీస్ ఆఖరి ఎపిసోడ్ చూశాను. చెల్లెలు బతికింది. బాగానే తీశారు... కానీ నాకు మింగుడుపడలేదు. పదమూడేళ్ళ వయసులో నేను చెప్పిన అబద్ధం కూడా బాగానే ఉంది మరి.

ఇప్పుడు జపాన్‌లో వచ్చిన రోజే మన ఫోన్లోకి సబ్‌టైటిల్స్‌తో వచ్చేస్తోంది. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్కళ్ళమే చూసేసి, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో పోట్లాడుకుంటున్నాం...

మీ పక్కన కూర్చుని, అర్థంకాని బొమ్మల్ని మీ భాషలో చెప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ పేరు కింద రాయండి. ఫోన్ చేయడానికి వీలున్నవాళ్ళయితే, ముందు ఫోన్ చేసి తర్వాత రాయండి.