తెల్లాపూర్ గేదె, డోరిస్ గారి క్లెయిమ్

2024 వర్షాకాలం. మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ, మధ్యాహ్నం షిఫ్టు. అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడం మా పని. ఏ రాష్ట్రమో చెప్పనని సంతకం పెట్టాను కాబట్టి అడగకండి. నేనక్కడ సూపర్‌వైజర్ని. నా మాటల్లో సగం కోతలేనని ఫ్లోర్ మీద అందరికీ తెలుసు. ఇప్పుడు చెప్పబోయే డోరిస్ గారి సంగతిలో మాత్రం ఒక్క కోతే ఉంది. అది గేదె గురించి.

ముందు కేసేమిటో చెప్పాలి. ఆ రాష్ట్రంలో ఆరోగ్య బీమా అమ్మే ఒక కంపెనీ మీద యాంటీట్రస్ట్ దావా పడింది. వ్యాపారులు కూడబలుక్కుని పోటీ లేకుండా చేయకూడదనే చట్టం అది. కొత్తగా చేరిన పిల్లలకు నేను ఇలా చెప్పేవాణ్ణి: "చందానగర్ మార్కెట్ల టమాటలు అమ్మేటోళ్ళంత ఒక్కటై, ఈ గల్లీ నీది, ఆ గల్లీ నాది అని పంచుకున్నరనుకో. ఇగ నీ గల్లీకి ఒక్క బండే వస్తది. వాడు చెప్పిందే రేటు." బీమా కంపెనీలు రాష్ట్రాలను అలా పంచుకున్నాయన్నది ఆరోపణ. చివరికి రాజీ కుదిరింది. దాన్నే సెటిల్‌మెంట్ అంటారు. తప్పు చేశామని కంపెనీ ఒప్పుకోలేదు గానీ, కొంత సొమ్ము పక్కన పెట్టింది. ఫలానా సంవత్సరాల మధ్య ఆ రాష్ట్రంలో పాలసీ ఉన్నవాళ్ళు గడువులోగా ఫారం మీద సంతకం పెట్టి పంపో, మాకు ఫోన్ చేసో క్లెయిమ్ వేసుకోవాలి.

పాలసీ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకే అర్హత. అదే పాలసీ కింద వైద్యం చేయించుకున్న భర్తో, భార్యో డిపెండెంట్ మాత్రమే. వాళ్ళు అడగడానికి లేదు. పాలసీదారు తరఫున ఇంకొకరు ఫోన్లో క్లెయిమ్ వేయాలంటే, పాలసీదారు ముందు లైన్లోకి రావాలి. తన పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పి, ఈ మనిషికి అనుమతి ఇస్తున్నానని తన నోటితో అనాలి. దీన్ని మేం వెర్బల్ ఆథరైజేషన్ అంటాం. అంతా రికార్డవుతుంది.

ఇంకొక మాట కూడా తెలియాలి, డెడ్ ఎయిర్. ఫోన్లో ఇద్దరూ మాట్లాడని ఖాళీ అది. కాస్త సాగితే తెర మీద ఎర్ర గుర్తు వెలుగుతుంది, మాకు మార్కులు పోతాయి. ఆ ఖాళీని నింపడంలో నన్ను మించినవాడు మా చుట్టుపక్కల ఏ మేడలోనూ లేడు. ఒకావిడకు ఆవిడ ఫైలు తెరుచుకునేలోగా, మా లిఫ్టు ఆగిపోతే అందులోనే పెళ్ళి జరిగిపోయిందని చెప్పాను. విందులో ఏమేం వడ్డించారో కూడా చెప్పాను.

గడువుకు ముందురోజు సాయంత్రం. వాళ్ళకప్పుడే తెల్లవారుతోంది. మా సునీత చెయ్యెత్తింది. గుంటూరు నుంచి వచ్చి చందానగర్‌లో ఉంటున్న అమ్మాయి, అక్కడి చర్చిలో పాటలు పాడుతుంది. ఎంత తిట్టే కస్టమర్నైనా లాలించగలదు.

"సర్, ఈ కాల్ మీరు తీసుకోండి. ఆయన అరవట్లేదండి, ఏడవట్లేదు. అదే నాకు భయంగా ఉంది."

తీసుకున్నాను. మాటలు ఇంగ్లీషులో జరిగాయి, నేను మన భాషలో చెబుతున్నాను. ఆయన పేరు వాల్టర్. భార్య డోరిస్, స్కూలు బస్సు నడిపేది. ఆ సంవత్సరాల్లో పాలసీ ఆవిడ పేరు మీదే ఉండేది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. వేళ్ళు కలం పట్టుకోవడం లేదు.

"డబ్బు కోసం కాదు. ప్రీమియం పెంచుకుంటూ పోయారు. కట్టలేక పాలసీ మానేసింది. ఆ మానేసిన రోజుల్లోనే జబ్బు ముదిరింది. వాళ్ళు తన పేరు మీద ఒక చెక్కు రాయాలి, తనకు కావలసింది అదే. రాయిస్తానని మాటిచ్చాను" అన్నాడు.

"ఆవిడ ఒక్కసారి లైన్లోకి రాగలరా సార్?"

"మందు మత్తులో ఉంది. మధ్యమధ్య కళ్ళు తెరుస్తుంది. ఆగుతావా?"

"ఆగుతాను."

ఫోన్ స్పీకర్లో పెట్టి దిండు మీద ఉంచినట్టున్నాడు. ఆక్సిజన్ యంత్రం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎర్ర గుర్తు వెలిగింది. సునీత తెర వైపు వేలు చూపించింది. అలవాటుగా నా నోరు తెరుచుకుంది.

"సార్, మాది తెల్లాపూర్. మా నాన్న పొలం బిల్డర్‌కు అమ్మేశాడు. ఆ సంగతి మా గేదెకు ఎవరూ చెప్పలేదు. దాని కుంట ఉన్నచోట ఇప్పుడు స్విమ్మింగ్ పూల్ ఉంది. పొద్దు వాలగానే అది వెళ్ళి గేటు ముందు నిలబడేది. సెక్యూరిటీ అతను 'పేరు? ఏ ఫ్లాట్?' అని అడిగేవాడు. ఇది ఒక అరుపు అరిచేది. అతను ఆ అరుపును ఇంటర్‌కమ్‌లో ఇంటింటికీ వినిపించి 'మీ చుట్టమేనా?' అని కనుక్కునేవాడు. చివరికి ఒక పెద్దాయన 'మా చుట్టమే, పంపు' అన్నాడు. ఇక రోజూ దర్జాగా పూల్లో దిగేది. టోపీ లేకుండా ఈదకూడదని సొసైటీ వాళ్ళు నోటీసిచ్చారు. పెద్దాయన టోపీ కొనుక్కొచ్చి, కొమ్ములకు రెండు కన్నాలు పెట్టించి..."

"వాల్టర్, వీడు కోతలు కోస్తున్నాడు."

కొత్త గొంతు. బొంగురుగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది. తర్వాత చిన్న నవ్వు, ఆ వెంటనే దగ్గు. నేను కథ ఆపేశాను.

"మేడమ్, మీ పూర్తి పేరు చెప్పగలరా?"

ఊపిరి చప్పుడు.

"డోరిస్, పేరు చెప్పు. పేరొక్కటి చెప్పు" అని వాల్టర్. మళ్ళీ అడిగాను. ఊపిరి, యంత్రం. ఆయనే ఆవిడ పేరు, పుట్టిన తేదీ గబగబా చెప్పేశాడు.

"సార్, అది ఆవిడ నోటి నుంచే రావాలి."

"విన్నావు కదా! బతికే ఉంది. నీ కథ వింది. నిన్ను తిట్టింది కూడా. ఇంకేం కావాలి నీకు?"

"విన్నాను సార్" అన్నాను. మళ్ళీ ఫోన్ చేస్తానని చెప్పి పెట్టేశాను.

రికార్డింగ్ పట్టుకుని మహేందర్ దగ్గరికి వెళ్ళాను. కాల్స్ విని పాసో ఫెయిలో తేల్చేది అతనే. రెండుసార్లు విన్నాడు.

"అన్నా, గొంతుంది, పేరు లేదు. గామెనే పాలసీదారని ఎట్ల రాయాలె?"

"నా కోత పట్టుకున్నది కదరా. మత్తుల ఉండి కూడా పట్టుకున్నది."

"నిన్ను పట్టుకునుడు ఏమంత పెద్ద పని కాదు తియ్." నవ్వబోయి ఆగిపోయాడు. "మా అమ్మకు గూడ ఆఖరికి గిట్లనే మాట పడిపోయిందే. మనం ఇద్దరం విన్నమని రాసేందుకు గీ ఫామ్‌ల జాగ లేదు. ఏం చెయ్యమంటవ్?"

మాకీ పని అప్పగించిన అమెరికా క్లయింటుకు మెయిల్ పెట్టాం. కుదరదని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. మర్నాడు షిఫ్టంతా సునీతా నేనూ వంతులవారీగా ఆ ఇంటికి ఫోన్ చేస్తూనే ఉన్నాం. మోగింది, ఎవరూ ఎత్తలేదు. గడువు ముగిసింది. డోరిస్ గారు ఆ ఉదయమే పోయారని తర్వాత తెలిసింది. పోయినవాళ్ళ తరఫున అడగాలంటే వారసుడినని కోర్టు కాగితం తేవాలి. తెచ్చే వ్యవధి లేదు, వేసుకునే గడువూ లేదు. 'అనర్హత' అని ఉన్న బటన్ నొక్కి ఆ ఫైలు మూసింది నేనే.

కొన్ని వారాల తర్వాత వాల్టర్ ఫోన్ చేసి, గేదె కథ చెప్పినవాణ్ణి పిలవమన్నాడట. తిట్లకు సిద్ధపడే తీసుకున్నాను. క్షమించమంటూ మొదలుపెట్టబోయాను.

"అది వదిలెయ్. ఆ గేదె సంగతి నిజమేనా? అబద్ధమని డోరిస్ అంది. తన చివరి మాట అదే. నిజమేనని నేను పందెం కాశాను. తనకు వినపడిందో లేదో."

ఆ కథ విన్న చాలామంది నన్ను అదే ప్రశ్న అడిగారు. అందరికీ ఒట్టు వేసి మరీ నిజమేనన్నాను.

"లేదు సార్. పొలం అమ్మింది నిజం. గేదెను కూడా ఆ వారమే సంతలో అమ్మేశాం. మీ ఆవిడే గెలిచారు."

అవతల మాట లేదు. ఈసారి యంత్రం చప్పుడు కూడా లేదు. ఎర్ర గుర్తు వెలిగింది. సునీత నా వైపు చూసింది కానీ తెర వైపు వేలు చూపించలేదు. టోపీ సంగతి, పెద్దాయన సంగతి, ఇంకా పది కథలు నాలుక చివరి దాకా వచ్చాయి. ఫోన్లో ఖాళీ కనబడితే చాలు నింపేయాలని కొత్తవాళ్ళకు నేర్పుతూ వచ్చాను. ఈ ఖాళీ మాత్రం డోరిస్ గారిదని నాకు తెలిసింది. అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను, వాల్టర్ తనంతట తాను ఫోన్ పెట్టేసే దాకా.