చెమ్మ పట్టిన తూటాలు

సదయ్యది పుట్టు అనుమానం అని ఊరు అనేది గానీ, ఆ మాట తప్పు. అది అతనికి గని నేర్పిన విద్య. గోదావరిఖని బొగ్గుబాయిలో అతను టింబర్‌మన్. పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. షిఫ్టు మొదలవగానే కర్రతో కప్పును కొట్టి చప్పుడు వినాలి. గట్టిగా మోగితే సరే, డొల్లగా మోగితే ఎప్పుడు నెత్తిన పడుతుందో దేవుడికే ఎరుక. "నిన్న మంచిగున్నదని ఇయ్యాల నమ్ముతవారా?" అని కొత్తవాళ్ళను కసిరేవాడు. ఆ అనుమానమే అతన్నీ, అతనితో దిగినవాళ్ళనూ బతికించింది. డ్యూటీ దిగాక దాన్ని బాయి మీదే వదిలేసి వచ్చివుంటే నాకిక్కడ చెప్పడానికేమీ ఉండేది కాదు.

కమాన్‌పూర్ దగ్గర పల్లెలో పెంకుటిల్లు, కొంత చేను, తండ్రి వదిలిపోయిన ఒంటిగొట్టం తుపాకీ. మక్కచేను మీద పడే అడవిపందుల కోసం దానికి లైసెన్సు ఉంది. తుపాకీ గోడకు వేలాడుతుండేది, దాని గురించి అతనికి ఫికర్ లేదు. ఫికరంతా తూటాల గురించే. ఆ రోజుల్లో అడవిలో అన్నలు, రోడ్డు మీద పోలీసులు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకీనీ తూటాలనూ స్టేషన్లో జమ చేయాలి. ఒక్క తూటా తక్కువైనా ఎవరికిచ్చావంటారు. ముందు జైలు, వెనకే కంపెనీ కొలువు ఊస్టు.

పోలీసులు చాలరన్నట్టు వాన ఒకటి. అవి అట్ట తూటాలు. చెమ్మ పడితే ఉబ్బి గొట్టంలోకి దూరవు. ఒకసారి పంది ఎదురుగా నిలబడి కంకి నములుతుంటే ఇతను ఉబ్బిన తూటాను బొటనవేలితో తోస్తూ కూర్చున్నాడు. పంది కడుపునిండా తిని తీరిగ్గా వెళ్ళిపోయింది. ఎండలో పెడితే తూటాలు ఆరుతాయి, కానీ నలుగురూ చూస్తారు. దాస్తే ఎవరూ చూడరు, కానీ చెమ్మ పడుతుంది. సందుకలో దాచాడు, గడ్డివాములో దాచాడు, చివరికి రేకు డబ్బాలో పోసి, గుడ్డ చుట్టి, ఇంటి వాసాల సందున దోపాడు. భార్య మల్లక్కకు కూడా చెప్పలేదు. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదన్నది అతని నమ్మకం. అతని నోట్లో ఏం నానిందో ముందు ముందు చూద్దాం.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం చివర గాలివాన కొట్టి ఇంటి పెంకులు చెదిరిపోయాయి. నస్పూర్‌లో ఉండే మల్లక్క తమ్ముడు నర్సింగం వచ్చి, సదయ్య డ్యూటీలో ఉండగా ఇల్లెక్కి పెంకులు సర్దాడు. సదయ్య వచ్చేసరికి అక్కాతమ్ముళ్ళు వాకిట్లో పగలబడి నవ్వుతున్నారు. ఇతన్ని చూసి టక్కున ఆపారు. అలా ఆపడం సదయ్యకు నచ్చలేదు.

కొన్నాళ్ళకు ఎన్నికల కబురు వచ్చింది. తూటాలు తీద్దామని నిచ్చెన వేసుకుని వాసాల సందున చెయ్యి పెట్టాడు. డబ్బా లేదు.

నిచ్చెన మీదే లెక్క కట్టాడు. ఇల్లెక్కింది ఎవరు? నర్సింగం. నవ్వు ఆపింది ఎవరు? నర్సింగం. వాడు అడవిలోకి అన్నం మోస్తాడని ఎవరో అంటే అంతకుముందు కొట్టిపారేశాడు, ఇప్పుడు నమ్మాడు. మల్లక్కను అడుగుదామా అనుకున్నాడు. అడిగితే తమ్ముణ్ణి వెనకేసుకొస్తుంది, కబురు పంపి వాణ్ణి దాటిస్తుంది. అందుకని అడగకుండా ఆమెను ఓ కంట కనిపెట్టసాగాడు. ఆమె పాడుకుంటూ వండితే ఏదో దాస్తున్నట్టే ఉంది, మౌనంగా వండితే ఇంకా ఎక్కువ దాస్తున్నట్టుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు.

స్టేషన్లో ఎస్సై తుపాకీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "తూటాలేవి?"

"పోయినయ్ సార్."

"పోయినయా, ఇచ్చినవా?"

సదయ్యకు కొలువు కళ్ళముందు మెదిలింది. "మా బామ్మర్ది నర్సింగం ఇల్లు సదిరిపోయిండు సార్. ఆని మీద్నే నాకు అనుమానం."

జీపు నస్పూర్ దారి పట్టింది.

ఇంటికి వచ్చేసరికి మల్లక్క గుమ్మంలోనే ఉంది. "తుపాకి వట్టుకపోయి తూటాలు మర్శినవేంది?"

"అవి యాడున్నయో నీకెర్కనా?"

ఆమె అటుక మీంచి విత్తనాల కుండ దించి, పేడతో మెత్తిన మూత పగలగొట్టింది. బూడిదలో పెసర్లు, పెసర్ల మధ్య తూటాలు. ఒక్కదానికీ చెమ్మ లేదు.

"గాలివానకు నీ డబ్బల నీళ్ళు జొచ్చినయ్. తమ్ముడు సూసి నా శేతికిచ్చిండు. ఆరవెట్టి ఇత్తనాల లెక్క బూడిదల వెట్టిన. బావ దాసిన జాగ సూడక్కా అంటె ఇద్దరం నవ్వినం. నీకు జెప్తె మల్ల జాగ మారుస్తవని ఊకున్న." అతని ముఖం చూసి ఆమె గొంతు మారింది. "ఏమైంది? ఎవలి పేరు జెప్పినవ్?"

సదయ్య చెప్పాడు. మల్లక్క అరవలేదు. "పోలీసోళ్ళకు జెప్పెటానికి నోరొచ్చింది. నన్నొక్క మాట అడగనీకి రాలేదా?" అని కుండ అతని చేతిలో పెట్టింది.

సైకిలుకు కుండ కట్టుకుని సదయ్య స్టేషనుకు ఉరికాడు. మల్లక్క పేరు రానివ్వలేదు. "నేనే వెట్టి మర్శిన సార్. మా ఇంటిదానికి ఎర్కలేదు" అన్నాడు. ఎస్సై చెంప మీద ఒకటిచ్చాడు. "మర్శినవా, అడివిల నుంచి మర్లొచ్చినయా?" అని బూడిదంతా బల్ల మీద కుమ్మరించి మరీ వెతికాడు. తూటాలన్నీ సరిగ్గా ఉండేసరికి, పొద్దుగూకే వేళకు నర్సింగాన్ని వదిలిపెట్టారు.

నర్సింగం గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. అరికాళ్ళు వాచి చెప్పుల్లోకి దూరడం లేదు. సదయ్య సైకిలు దగ్గరికి తెచ్చాడు. వాడు ఎక్కలేదు. ఇద్దరూ రోడ్డుదాకా నడిచారు.

"అక్కకిచ్చిన్నని ఒక్క మాటంటె ఇడిశిపెట్టెటోళ్ళు గదరా. ఎందుకు జెప్పలె?" అన్నాడు సదయ్య.

నర్సింగం అతని ముఖం వైపు కూడా చూడలేదు. "చెప్తె జీపు అక్కకాడికి వోతుండె గద, బావా."

సదయ్య సైకిలు వదిలేసి రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు. నర్సింగం చెప్పులు చేతబట్టుకుని నస్పూర్ బస్సు కోసం నడిచిపోయాడు.